న్యూయార్క్ ఎఫ్ఎంలో దొంగ స్టేషన్లు: లైసెన్సు ఉన్న స్టేషన్ ఎందుకు వినబడదు?

క్లుప్తంగా: న్యూయార్క్‌లో, ముఖ్యంగా బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్ ప్రాంతాల్లో, లైసెన్సు లేని ఎఫ్ఎం స్టేషన్లు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వీటి పవర్ తక్కువే. కానీ వినేవాళ్ల పక్క వీధిలోనే ఉంటాయి కాబట్టి దూరం నుంచి వచ్చే అసలు స్టేషన్‌ను అణిచేస్తాయి. 2020లో వచ్చిన చట్టం జరిమానాను లక్షల డాలర్లకు పెంచడమే కాదు, బిల్డింగ్ ఓనర్లను కూడా బాధ్యులను చేసింది. ఈ స్టేషన్లు పుట్టడానికి కారణమైన లైసెన్సుల కొరత మాత్రం చాలావరకు అలాగే ఉంది.

ఫ్లాట్‌బుష్‌లో రేడియో పెడితే

బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్ అవెన్యూ మీద సాయంత్రం పూట కారులో వెళ్తూ ఏ కాలేజీ స్టేషనో, శివారు ఊళ్ల నుంచి వచ్చే చిన్న స్టేషనో పెట్టుకున్నారనుకుందాం. పాట నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆ పాట మాయమై, హైతీ క్రియోల్ భాషలో ఒక పాస్టర్ ప్రసంగం గట్టిగా, స్పష్టంగా వినిపిస్తుంది. మూడు నాలుగు వీధులు దాటగానే ప్రసంగం బుసబుసలాడుతూ పోయి మళ్లీ పాట వస్తుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే జమైకా రెగే, మధ్యలో ఫలానా దుకాణంలో కూరగాయలు చవక అన్న ప్రకటన. ఇంత జరుగుతున్నా రేడియోలో అంకె మారదు.

వినేవాడికి తన కారు రేడియో పాడైందనిపిస్తుంది. సూటిగా ఫిర్యాదు చేసేవాళ్లు అందుకే తక్కువ. ఫిర్యాదు చేద్దామన్నా ఎవరి మీద చేయాలో తెలియదు.

ఇది రెండు మూడు స్టేషన్ల గొడవ కాదు. న్యూయార్క్ రాష్ట్ర ప్రసారకర్తల సంఘం 2016లో చేయించిన ఇంజినీరింగ్ సర్వేలో నగరం, దాని చుట్టుపక్కల లైసెన్సు ఉన్న స్టేషన్ల కన్నా లేనివే ఎక్కువని తేలింది. సంఘానికి ఇందులో సొంత ప్రయోజనం ఉందన్నది నిజమే. అయినా డయల్ తిప్పి చూసిన ఎవరికీ ఈ లెక్క వింతగా అనిపించదు.

తక్కువ పవర్ ఎలా గెలుస్తుంది

రాత్రిపూట మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం వినేటప్పుడు వెనకాల ఇంకేదో భాష సన్నగా వినిపించడం పాతతరం శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. మీడియం వేవ్ ఏఎం పద్ధతిలో నడుస్తుంది. అందులో రెండు సిగ్నళ్లు కలిస్తే రెండూ వినబడతాయి. ఎఫ్ఎం అలా కాదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు వస్తే, బలమైనదాన్ని రిసీవర్ పట్టుకుని రెండోదాన్ని దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. ఇంజినీర్లు దీన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. మంచి రిసీవర్లలో తేడా కొద్దిగా ఉన్నా చాలు, బలహీనమైన స్టేషన్ ఆనవాలు కూడా మిగలదు.

ఏది బలమైనది అనేది ట్రాన్స్‌మిటర్ పవర్‌ ఒక్కటే నిర్ణయించదు. దూరం ఇంకా ఎక్కువగా నిర్ణయిస్తుంది. అడ్డంకులేవీ లేవనుకుంటే సిగ్నల్ బలం పవర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, దూరాన్ని బట్టి నేరుగా తగ్గుతుంది. న్యూయార్క్ పెద్ద ఎఫ్ఎం స్టేషన్లలో చాలావాటి ఆంటెన్నాలు ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద, 400 మీటర్లకు పైగా ఎత్తున ఉంటాయి. ఒక్కొక్కదాని పవర్ సుమారు 6 కిలోవాట్లు. అక్కడి నుంచి ఫ్లాట్‌బుష్‌కు దాదాపు 11 కిలోమీటర్లు. ఫ్లాట్‌బుష్‌లో ఒక మేడ మీద 100 వాట్ల దొంగ ట్రాన్స్‌మిటర్ ఉందనుకుంటే పవర్ 60 రెట్లు తక్కువ. కానీ 60కి వర్గమూలం ఎనిమిది కూడా లేదు. అంటే 11 కిలోమీటర్లలో ఎనిమిదో వంతు, సుమారు 1.4 కిలోమీటర్ల దూరం వరకు, కాగితం మీద ఈ 100 వాట్లే ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కన్నా బలంగా వినబడాలి. నిజంలో దొంగ ఆంటెన్నా ఎత్తు తక్కువ, చుట్టూ మేడలు అడ్డం. కాబట్టి ఆ వలయం కొంత కుంచించుకుపోతుంది. అయినా కొన్ని వీధుల మేర రాజ్యం దానిదే.

ఇదే లెక్క శివారు స్టేషన్‌కు వేస్తే పరిస్థితి ఇంకా దారుణం. 40 కిలోమీటర్ల అవతల 3 కిలోవాట్లతో నడిచే స్టేషన్‌ను అదే 100 వాట్లు కాగితం మీద ఏడు కిలోమీటర్ల వరకు అణిచేయగలవు. దొంగ స్టేషన్లు నగరంలోని పెద్ద స్టేషన్ల జోలికి పెద్దగా పోకుండా, దూరం నుంచి వచ్చే బలహీన స్టేషన్ల ఫ్రీక్వెన్సీల మీదే ఎక్కువగా కూర్చోవడానికి కారణం ఇదే. వాళ్ల ఉద్దేశం ఎవరినీ దెబ్బతీయడం కాదు, తమ ప్రసారం శుభ్రంగా వినబడటం. వాళ్ల దృష్టిలో అది ‘ఖాళీ’ ఫ్రీక్వెన్సీ. న్యూజెర్సీలోనో లాంగ్ ఐలండ్‌లోనో ఉన్న చిన్న స్టేషన్‌ దృష్టిలో అది డబ్బు కట్టి, లేదా ఏళ్ల తరబడి ఎదురుచూసి, సంపాదించుకున్న చోటు.

అణిచేసే వలయం ఒకటైతే, దాని చుట్టూ అంతకన్నా పెద్దదైన గందరగోళ వలయం ఇంకొకటి ఉంటుంది. అక్కడ దొంగ సిగ్నల్ గెలవదు, కానీ అసలుదాన్ని శుభ్రంగా వినబడనివ్వదు. లైసెన్సు ఉన్న స్టేషన్ల మధ్య ఈ సమస్య రాకూడదనే, ఒక స్టేషన్ రక్షిత ప్రాంతంలో అదే ఫ్రీక్వెన్సీ మీద వచ్చే ఇంకో సిగ్నల్ బలం దాని పదో వంతుకు మించకూడదని అమెరికా నిబంధనలు చెబుతాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరాలన్నీ ఈ లెక్క మీదే నిర్ణయించారు. ఆ లెక్కలో లేని ట్రాన్స్‌మిటర్ ఒక్కటి మధ్యలో వెలిస్తే మొత్తం పట్టిక తప్పుతుంది.

డయల్ మీద ఖాళీలు, ఆ పైన విమానాలు

న్యూయార్క్ పెద్ద స్టేషన్ల అంకెలు వరుసగా చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది: 92.3, 93.1, 93.9, 94.7, 95.5, 96.3... ఇలా 107.5 దాకా 0.8 మెగాహెర్ట్జ్ తేడాతో. మధ్యలో 93.5, 94.3 లాంటివి ఆ నగరానికి ఇవ్వరు, పొరుగు ఊళ్లకు ఇస్తారు. రేడియో తిప్పే మామూలు మనిషికి మాత్రం ఆ మధ్య భాగం వట్టి గరగర. దొంగ స్టేషన్ పెట్టాలనుకునేవాడికి కనిపించేది కూడా ఆ గరగరే.

ఇంకో రకం హాని యంత్రం నాణ్యత వల్ల వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్ని వందల డాలర్లకు దొరికే చవక ట్రాన్స్‌మిటర్లలో ఫిల్టర్లు సరిగ్గా ఉండవు. తనకు చెప్పిన ఫ్రీక్వెన్సీతో పాటు అక్కర్లేని చోట్ల కూడా అవి శక్తిని చిమ్ముతాయి. ఎఫ్ఎం బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. సరిగ్గా అక్కడి నుంచే విమానాలది మొదలవుతుంది. 108 నుంచి 112 మధ్య, రన్‌వేకి సూటిగా దిగేందుకు పైలట్‌కు దారి చూపే సంకేతాలుంటాయి. 118 నుంచి 137 వరకు పైలట్లు, కంట్రోల్ టవర్ మాట్లాడుకునే ఛానెళ్లు. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ దొంగ స్టేషన్ల మీద చర్యలకు ఇచ్చే కారణాల్లో విమాన రాకపోకల నియంత్రణకు కలిగే అంతరాయం ముందు వరుసలో ఉంటుంది. జేఎఫ్‌కే, లాగ్వార్డియా రెండు విమానాశ్రయాలూ క్వీన్స్‌లోనే ఉన్నాయి కాబట్టి న్యూయార్క్‌కు ఈ వాదన ఇంకా దగ్గరిది.

మూడోది అత్యవసర హెచ్చరికల సంగతి. లైసెన్సు ఉన్న స్టేషన్లు తుపాను, వరద లాంటి హెచ్చరికలను ప్రసారం చేసే వ్యవస్థలో భాగం. దొంగ స్టేషన్ కింద నలిగిపోయిన ఫ్రీక్వెన్సీ వింటున్నవాళ్లకు ఆ హెచ్చరిక అందదు. 2012 అక్టోబరులో శాండీ తుపానుకు నగరంలో పెద్ద భాగం కరెంటు పోయి, బ్యాటరీ రేడియోలే దిక్కయిన రోజులు ఈ వాదనకు బలమిచ్చాయి. అయితే ఎదుటివైపు నుంచి కూడా ఒక మాట ఉంది: ఇంగ్లిష్ హెచ్చరిక అర్థం కాని ముసలివాళ్లకు అదే సమాచారం తమ భాషలో చెప్పేది చాలాసార్లు ఆ దొంగ స్టేషనే.

ఎవరు, ఎందుకు పెడతారు

సినిమాల్లో చూపించే తిరుగుబాటు డీజేలు ఇక్కడ తక్కువ. బ్రూక్లిన్‌లో ఎక్కువగా కనిపించేది హైతీ, జమైకా, ట్రినిడాడ్, గ్రెనడా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల రేడియో. యూదు సంప్రదాయవాదుల స్టేషన్లు, క్వీన్స్, బ్రాంక్స్‌లలో స్పానిష్ స్టేషన్లు కూడా ఉన్నాయి. ఆదివారం ప్రార్థనలు, ఊళ్లో రాజకీయాలు, ఇంటికి డబ్బు పంపే ఏజెన్సీల ప్రకటనలు, వీసా లాయర్ల సలహాలు, శనివారం రాత్రి డ్యాన్స్ పార్టీ కబుర్లు వినిపిస్తాయి. ప్రకటనల మీద కొద్దో గొప్పో ఆదాయం వస్తుంది. కొందరికి ఇది సేవ, కొందరికి వ్యాపారం, చాలామందికి రెండూ. అచ్చంగా లాభం కోసమే గంటల లెక్కన సమయం అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఈ వైపు సానుభూతిగా రాసేవాళ్లు ఆ విషయం తరచూ దాటేస్తారు.

లైసెన్సు తీసుకుని నడపొచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. న్యూయార్క్‌లో కొత్త వాణిజ్య ఎఫ్ఎం లైసెన్సుకు చోటు లేదు. ఉన్నదాన్ని కొనుక్కోవాలి. 94.7 మీద నడిచే స్టేషన్ 2013లో 4 కోట్ల డాలర్లకు చేతులు మారింది. చర్చి చందాలతో, కూరగాయల దుకాణం ప్రకటనలతో పోగయ్యే సొమ్ము కాదది. లైసెన్సు ఉన్న స్టేషన్ దగ్గర గంటల లెక్కన సమయం అద్దెకు తీసుకోవడం ఒక దారి. ఎఫ్ఎం సిగ్నల్ లోపల దాగిన ఉప ఛానెల్‌ను అద్దెకు తీసుకోవడం ఇంకో దారి. ఫ్లాట్‌బుష్‌లోని రేడియో సొలేయ్ అనే హైతీ స్టేషన్ ఇలాగే నడిచింది. అది వినాలంటే మామూలు రేడియో పనికిరాదు, ప్రత్యేకమైన సెట్ కొనాలి. కారులో వినేవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే.

చిన్న స్టేషన్ల కోసమే ఒక చట్టబద్ధమైన దారి కూడా వచ్చింది. అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2000 జనవరిలో, విలియం కెనార్డ్ ఛైర్మన్‌గా ఉండగా, లో పవర్ ఎఫ్ఎం అనే తరగతి పెట్టింది. లాభాపేక్ష లేని సంస్థలకు 100 వాట్ల దాకా అనుమతి. పెద్ద ప్రసారకర్తలు అంతరాయం వస్తుందని గొడవ చేస్తే, అదే ఏడాది చివర్లో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఈ స్టేషన్లకు, పెద్ద స్టేషన్లకు మధ్య దూరాన్ని పెంచేసింది. దాంతో పెద్ద నగరాల్లో చోటు దాదాపు లేకుండా పోయింది. ఆ భయంలో పస లేదని 2003లో మైటర్ అనే పరిశోధన సంస్థ అధ్యయనం తేల్చింది. అయినా ఆ నిబంధన ఎత్తేయడానికి 2011 జనవరి దాకా పట్టింది. ఆ తర్వాత 2013లో, మళ్లీ 2023 డిసెంబరులో దరఖాస్తులు తీసుకున్నారు. ఇరుకైన న్యూయార్క్ డయల్ మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే సర్దుబాటు అయ్యాయి. పల్లె ప్రాంతాల్లో, చిన్న పట్టణాల్లో ఈ పథకం చాలా బాగా పనిచేసింది. కొరత ఎక్కడ ఎక్కువో అక్కడే పనిచేయలేదు.

లైసెన్సు అసలు అక్కర్లేని అతి చిన్న ప్రసారాలకు కూడా అమెరికాలో అనుమతి ఉంది. కాకపోతే దాని పరిధి సుమారు 60 మీటర్లు. అపార్ట్‌మెంట్ గేటు కూడా దాటదు.

పట్టుకోవడం తేలిక, ఆపడం కష్టం

దొంగ స్టేషన్‌ను కనిపెట్టడం సాంకేతికంగా పెద్ద పని కాదు. గంటల తరబడి మోగుతూ తన ఆచూకీ తానే చెబుతుంది. దిశను గుర్తించే ఆంటెన్నాలున్న వాహనంలో ఇద్దరు ఏజెంట్లు వెళ్లి, రెండు మూడు చోట్ల నుంచి కొలిస్తే ఏ బిల్డింగో తెలిసిపోతుంది. సాధారణంగా కనిపించే దృశ్యం ఇలా ఉంటుంది: మూడు నాలుగు అంతస్తుల ఇల్లు, కప్పు మీద డిష్‌ల మధ్య ఒక పొడవాటి పైపు, దానికి బిగించిన ఆంటెన్నా, గోడ వెంట కిందికి జారిన కేబుల్, పైన గదిలో ఫ్యాన్ గాలికి చల్లబడుతూ నడుస్తున్న ట్రాన్స్‌మిటర్ పెట్టె. దగ్గర్లో మనిషి ఉండడు. మాట్లాడేవాడు ఇంకెక్కడో ఉంటాడు. ప్రసారం ఇంటర్నెట్ మీదుగా పెట్టెకు చేరుతుంది.

కష్టం అక్కడి నుంచి మొదలవుతుంది. ఎఫ్‌సీసీ ఏజెంట్లు పోలీసులు కారు. తలుపు పగలగొట్టి పెట్టె ఎత్తుకుపోయే అధికారం వాళ్లకు లేదు. ముందు నోటీసు. తర్వాత జరిమానా ప్రతిపాదన. జవాబుకు గడువు. తర్వాత తుది ఉత్తర్వు. కట్టకపోతే వసూలుకు న్యాయశాఖ కోర్టుకు వెళ్లాలి. సామగ్రి స్వాధీనం చేసుకోవాలన్నా ఫెడరల్ కోర్టు అనుమతి, మార్షల్స్ సహాయం కావాలి. ఇదంతా జరిగేలోపు పెట్టె ఇంకో మేడ ఎక్కుతుంది. పోయినా నష్టం కొన్ని వందల డాలర్లే.

పైగా చేతులు కూడా తగ్గాయి. 2015లో ఎఫ్‌సీసీ తన 24 క్షేత్ర కార్యాలయాల్లో 11 మూసేయాలని తీర్మానించింది. రాష్ట్రాలు తమ వంతు చట్టాలు చేశాయి. ఫ్లోరిడాలో 2004 నుంచి ఇది జైలుకు పంపదగ్గ తీవ్ర నేరం. న్యూయార్క్ 2011లో నేరంగా ప్రకటించింది. ఆ తర్వాత కూడా మయామీ, న్యూయార్క్ నగరాలే దొంగ స్టేషన్ల జాబితాలో ముందున్నాయంటే, లోపం శిక్ష తీవ్రతలో లేదు. శిక్ష ఎవరికి తగులుతోందన్న దగ్గర ఉంది.

బోస్టన్‌లోని టచ్ 106.1 కథ ఇందుకు మంచి ఉదాహరణ. నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేటలో ఇది దాక్కోకుండా, బోర్డు పెట్టుకుని నడిచింది. 2008లో ఎఫ్‌సీసీ 17,000 డాలర్ల జరిమానా వేసింది. స్టేషన్ ఆగలేదు. దాని వ్యవస్థాపకుడు 2013లో నగర మేయర్ పదవికి పోటీ కూడా చేశాడు. చివరికి 2014 ఏప్రిల్‌లో ఫెడరల్ అధికారులు వచ్చి సామగ్రి పట్టుకెళ్లాకే అది మూతపడింది.

2020 చట్టం: గురి మేడ మీదికి

2020 జనవరి 24న అమల్లోకి వచ్చిన పైరేట్ చట్టం రెండు మార్పులు తెచ్చింది. మొదటిది అంకెలు: రోజుకు లక్ష డాలర్ల వరకు, మొత్తం మీద 20 లక్షల వరకు జరిమానా. ధరల పెరుగుదలను బట్టి ఈ గరిష్ఠ మొత్తం పెరుగుతూ పోతుంది. 2023లో క్వీన్స్‌లో 105.5 మీద ఏళ్ల తరబడి నడిచిన ఒక స్పానిష్ స్టేషన్ నిర్వాహకులపై గరిష్ఠ మొత్తం, అంటే 23,16,034 డాలర్లు, వేశారు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చిన వార్త ఇది. అంత సొమ్ము వసూలవుతుందా అన్నది వేరే ప్రశ్న. వందల డాలర్ల యంత్రంతో స్టేషన్ నడిపేవాడి దగ్గర లక్షల డాలర్లు ఉంటాయనుకోవడం కష్టం.

రెండో మార్పు గురించి వార్తల్లో తక్కువ రాశారు. దాని ప్రభావం మాత్రం ఎక్కువ. తెలిసి కూడా తన బిల్డింగ్‌ను దొంగ ప్రసారానికి వాడుకోనిచ్చిన యజమాని కూడా ఇప్పుడు బాధ్యుడే. అంతకుముందు 2018లో నార్త్ మయామీలో నిర్వాహకుడితో పాటు ఇంటి యజమానుల మీద కలిపి 1,44,344 డాలర్ల జరిమానా వేయడంతో ఈ దారికి బీజం పడింది. ఇప్పుడు ఎఫ్‌సీసీ నేరుగా ఓనర్లకు ఉత్తరాలు పంపుతోంది: మీ మేడ మీద నుంచి ఫలానా ఫ్రీక్వెన్సీలో ప్రసారం జరుగుతోంది, 10 పనిదినాల్లో ఆపించండి, లేదంటే జరిమానా.

ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ ఉత్తరమే. స్టేషన్ నడిపేవాడికి పేరు ఉండదు, చిరునామా మారుతుంది, ఆస్తి కనబడదు. ఓనర్‌కు ఈ మూడూ ఉంటాయి. కప్పు అద్దె కింద నెలకు కొన్ని వందలు వస్తున్నాయని ఇన్నాళ్లూ చూసీచూడనట్టు ఊరుకున్నవాడు, ఈ ఉత్తరం అందగానే టెన్షన్ పడి పైకెళ్లి తీగ పీకించేస్తాడు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా కాని పని అలా అయిపోతుంది.

దీంతో పాటు, దొంగ స్టేషన్లు ఎక్కువగా ఉన్న మొదటి అయిదు నగరాల్లో ఏటా గాలింపు జరపాలని, ఆరు నెలల్లోపు మళ్లీ వెళ్లి చూడాలని చట్టం ఎఫ్‌సీసీకి విధి పెట్టింది. ఇన్నాళ్లూ ఫిర్యాదు వస్తేనే కదిలే వ్యవస్థకు ఇది కొత్త అలవాటు.

లండన్ అనుభవం ఏం చెబుతోంది

లండన్‌కు దొంగ రేడియో చరిత్ర ఇంకా పాతది. 1964లో సముద్రంలో ఓడ మీద నుంచి మొదలైన రేడియో కారొలైన్‌తో జనం పాప్ సంగీతానికి అలవాటు పడ్డారు. 1967 ఆగస్టులో ప్రభుత్వం చట్టం చేసి ఆ ఓడలకు కళ్లెం వేసింది. ఏడు వారాలు తిరక్కుండానే బీబీసీ అదే రకం పాటలతో రేడియో వన్ మొదలుపెట్టింది. ఓడల మీది డీజేలు కొందరు అందులో చేరారు. మూయించడం, అదే సమయంలో శ్రోతకు కావాల్సింది వేరే చోట దొరికేలా చూడటం అనే రెండు పనులూ కలిపి చేసిన సందర్భం అది.

తర్వాతి తరం నేల మీదికి, హాక్నీ లాంటి పేటల్లోని ఎత్తైన ప్రభుత్వ అపార్ట్‌మెంట్ల కప్పుల మీదికి వచ్చింది. ఆఫ్‌కామ్ 2007లో వేసిన లెక్క ప్రకారం దేశంలో సుమారు 150 దొంగ స్టేషన్లు, అందులో దాదాపు సగం లండన్‌లోనే. లండన్ పెద్దల్లో 16 శాతం మంది వాటిని వింటున్నారు. ఇంత మంది వింటున్నదాన్ని కేవలం నేరంగా చూడలేమన్న ఆలోచన అక్కడి విధానంలో కనిపిస్తుంది. 1985లో దొంగ స్టేషన్‌గా పుట్టిన కిస్ ఎఫ్ఎం 1990లో లైసెన్సుతో ప్రసారం మొదలుపెట్టింది. 1994లో మొదలైన రిన్స్ ఎఫ్ఎం, గ్రైమ్ అనే లండన్ ర్యాప్ తరహా సంగీతానికి పుట్టిల్లు లాంటిది, 2010లో కమ్యూనిటీ లైసెన్సు సంపాదించింది. కమ్యూనిటీ రేడియో తరగతినే 2004లో చట్టంలో పెట్టారు.

ఇంకోవైపు మేడలను మూసేశారు. ఆఫ్‌కామ్ స్థానిక కౌన్సిళ్లతో కలిసి, కప్పుల తలుపులకు తాళాలు మార్పించి, లిఫ్ట్ గదుల్లో దాచిన పెట్టెలు తీయించింది. గత దశాబ్దం నడుమ రెండేళ్లలోనే దాదాపు 400 సెట్లు తొలగించారు. లండన్‌లో స్టేషన్ల సంఖ్య సుమారు 100 నుంచి 50కి పడిపోయింది. ఇక్కడ లండన్‌కు ఒక సౌలభ్యం ఉంది: ఆ ఎత్తైన బ్లాకుల్లో చాలా వాటికి ఓనర్ కౌన్సిలే. బ్రూక్లిన్‌లో ఒక్కో మేడకు ఒక్కో ఓనర్. న్యూయార్క్ ఒక్కో తలుపుకు ఒక్కో ఉత్తరం రాయాల్సి వస్తోంది.

మొత్తం ఘనత ఆఫ్‌కామ్‌కే ఇవ్వడం కూడా సరికాదు. అదే కాలంలో కుర్రాళ్లు ఫోన్లోకి, ఆన్‌లైన్ స్ట్రీమింగ్‌లోకి వెళ్లిపోయారు. వినేవాళ్లు తగ్గితే పెట్టె మోసుకుని కప్పు ఎక్కే ఓపిక ఎవరికి ఉంటుంది?

మన దగ్గర ఈ బెడద ఎందుకు కనబడదు

హైదరాబాద్‌లో డయల్ తిప్పితే 91.1, 92.7, 93.5, 98.3, ఆకాశవాణి 101.9, 102.8 ఎక్కడివి అక్కడే ఉంటాయి. మధ్యలో దొంగ గొంతులు వినబడవు. మన జనానికి మాట్లాడాల్సింది లేక కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం ట్రాన్స్‌మిటర్‌ను అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం చేశాయి. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. ప్రైవేటు ఎఫ్ఎం ఊపందుకునేసరికే కేబుల్ టీవీ ఇళ్లలోకి వచ్చేసింది, తర్వాత చవక డేటా వచ్చింది.

అయినా ఒకటీ అరా ఉన్నాయి. బిహార్‌లోని వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో ఒక రేడియో మెకానిక్ తన దుకాణం నుంచే చేత్తో తయారు చేసిన ట్రాన్స్‌మిటర్‌తో ఊరి స్టేషన్ నడిపాడు. 2006లో అధికారులు మూయించారు. విచిత్రమేమిటంటే, విద్యాసంస్థలకే పరిమితమైన కమ్యూనిటీ రేడియోను స్వచ్ఛంద సంస్థలకు తెరిచింది కూడా అదే ఏడాది చివర్లో. ఆ విధానం కింద 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో దళిత మహిళలు సంగం రేడియో మొదలుపెట్టారు. 90.4 మీద, తెలంగాణ యాసలో విత్తనాలు, వంటలు, పాటలు. న్యూయార్క్ హైతీవాళ్లకు దొరకని చోటు వీళ్లకు దొరికింది. అందుకు పథకంతో పాటు భూగోళం కూడా కారణం: మాచ్నూర్ చుట్టుపక్కల డయల్ ఖాళీగానే ఉంది. కమ్యూనిటీ స్టేషన్లు గానీ ప్రైవేటు ఎఫ్ఎంలు గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన, ఆకాశవాణి బులెటిన్ తిరిగి వేసుకోవడానికే అనుమతి, మన వ్యవస్థకున్న వేరే ఇరుకు.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ గొడవ అంటకపోవడానికి కారణం కాలం. ఎక్కువమంది 1990ల తర్వాత, ఇంటర్నెట్ చేతికొచ్చాక వెళ్లారు. అద్దె గంటల కార్యక్రమాలతో, ఆన్‌లైన్ రేడియోలతో సరిపెట్టుకున్నారు. అంతకు ముందే స్థిరపడి, కారులో, కొట్టులో, వంటింట్లో మామూలు సెట్ మీదే ఆధారపడిన హైతీ తరానికి ఆ సౌకర్యం లేదు.

ముందు ఏం జరగొచ్చు

దగ్గరి భవిష్యత్తులో బిల్డింగ్ ఓనర్లకు ఉత్తరాలు పెరుగుతాయి, దొంగ స్టేషన్లు మేడలు మారుస్తాయి. పవర్ తగ్గించి, రాత్రిపూట, వారాంతాల్లో మాత్రమే నడిపే పద్ధతి ఇప్పటికే ఉంది. గాలింపు ఆఫీసు వేళల్లో జరుగుతుందని అందరికీ తెలుసు. ఏటా గాలింపు జరపాలంటే సిబ్బంది, వాహనాలు, డబ్బు కావాలి. బడ్జెట్ తగ్గిన ఏడాది ఆ విధి కాగితం మీదే మిగిలే ప్రమాదం ఉంది.

నష్టపోయేది ఎవరన్న లెక్కలో కూడా మార్పు వస్తోంది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీది పెద్ద స్టేషన్లకు దొంగ స్టేషన్ల కన్నా స్పాటిఫై, పాడ్‌కాస్టులే పెద్ద పోటీ. శివారు స్టేషన్లు, కాలేజీ స్టేషన్లు, ఇన్నేళ్లు ఎదురుచూసి లో పవర్ లైసెన్సు తెచ్చుకున్న చిన్న సంస్థలు మాత్రం నిజంగా దెబ్బతింటున్నాయి. అంటే ఈ గొడవ పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ మధ్య అనిపించినా, ఎక్కువగా నలుగుతున్నది లైసెన్సు ఉన్న చిన్నవాళ్లే. పెద్ద ప్రసారకర్తల సంఘాలు కఠిన చట్టం కోసం గట్టిగా అడిగాయి. లో పవర్ స్టేషన్లకు నగరాల్లో చోటు పెంచే విషయంలో ఆ ఉత్సాహం కనిపించలేదు.

ఈలోగా శ్రోతల వయసు పెరుగుతోంది. ఫ్లాట్‌బుష్‌లో పుట్టి పెరిగిన పిల్లలు ఇంగ్లిష్‌లో, ఫోన్లో వింటున్నారు. పదిహేను ఇరవై ఏళ్లలో ఈ స్టేషన్లను జరిమానాల కన్నా ఎక్కువగా తగ్గించేది ఆ మార్పే కావచ్చు. అయితే కొత్తగా వచ్చే వలసదారులు ఎప్పుడూ ఉంటారు. 100 వాట్ల పెట్టె ధర కూడా ఏటికేడు తగ్గుతూనే ఉంది.